పాత డీజిల్ కారు టర్బోకు ఇంట్లో వైద్యమా?



రక్తపోటు గురించి, మధుమేహం గురించి వ్రాసే ఈ డాక్టరు ఇవాళ కార్ల గురించి మాట్లాడుతున్నాడేమిటని మీకు అనుమానం రావచ్చు. కారణం చెబుతాను. పోయిన నెల ఒక ఆదివారం ఉదయం నడక ముగించుకొని వస్తుండగా, మా వీధి చివరి ఇంటి ముందు పాత డీజిల్ కారు ఒకటి బానెట్ ఎత్తి ఉన్నది. ఆ ఇంటి కుర్రవాడు చదువుకున్నవాడే, మంచి ఉద్యోగంలో ఉన్నవాడే. ఒక చేతిలో స్పానరు, రెండవ చేతిలో ఫోను. ఫోనులో ఎవరో చేసి చూపిస్తున్నది చూస్తూ, లోపల ఏదో బిగిస్తున్నాడు.

"ఏం నాయనా, బండి మొరాయించిందా?" అన్నాను.

"లేదు డాక్టరు గారూ, టర్బో బూస్ట్ పెంచుతున్నాను. పదమూడేళ్ళ బండి కదా, పికప్ తగ్గింది. షెడ్డుకు తీసుకుపోతే వేలకు వేలు అడుగుతారు. ఇది ఇంట్లోనే అరగంట పని" అన్నాడు.

ఆ తరువాత ఇంజను స్టార్టు చేసి యాక్సిలరేటరు గట్టిగా తొక్కాడు. సైలెన్సరు నుంచి వచ్చిన నల్లటి పొగ ప్రహరీ గోడకు కొట్టుకొని వెనక్కు తిరిగి, వరండాలో కూర్చొని బియ్యం ఏరుతున్న అతని తల్లి మీదుగా ఇంట్లోకి పోయింది. ఆమెకు చాలా ఏళ్ళుగా ఉబ్బసం. ఇన్‌హేలరు ఎలా పీల్చాలో ఆమెకు నేర్పినవాణ్ణి నేనే. కుర్రవాడు మాత్రం ఆ పొగ చూసి సంతోషించాడు. "చూశారా, పవర్ వచ్చింది" అన్నాడు.

ఆ మాటే నా చేత ఈ వ్యాసం వ్రాయిస్తున్నది. నల్లటి పొగ శక్తికి గుర్తు కాదు. కాలకుండా పోయిన డీజిల్‌కు గుర్తు. దగ్గినప్పుడు రక్తం పడితే దాన్ని ఆరోగ్యమని ఎవరైనా అనుకుంటారా?

నేను ఇంజనీరును కాను. అయితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో పనిచేసిన రోజులలో ప్రభుత్వ డీజిల్ జీపుతో ఏళ్ళ తరబడి సంసారం చేసినవాణ్ణి. పల్స్ పోలియో మందుల పెట్టెతో నడిరోడ్డు మీద ఆగిపోయి, డ్రైవరు ఇంధన గొట్టంలోని గాలి తీస్తూ ఉంటే టార్చిలైటు పట్టుకొని నిలబడ్డవాణ్ణి. టర్బో అంటే ఏమిటో ఆ అనుభవంతోను, తరువాత చదువుకొన్న దానితోను చెబుతాను. తప్పుంటే తెలిసినవారు దిద్దండి.

ఇంజను వదిలే వేడి వాయువు ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద రెండవ కొసన ఉన్న ఇంకొక చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి పంపుతుంది. ఆ అదనపు ఒత్తిడినే బూస్ట్ అంటున్నారు. ఈ ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచీ 1905లోనే పేటెంటు పొందాడు. చిన్న కార్లలో ఈ చక్రం నిమిషానికి లక్షకు పైగా, ఒక్కొక్కప్పుడు రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. ఆ వేగంలో ఇరుసును కాపాడేది పలుచని ఇంజను ఆయిలు పొర ఒక్కటే. మోకాలి కీలులోని జిగురు ద్రవం వంటిది అది. ఒత్తిడి మితి మీరకుండా కొన్ని టర్బోలకు వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు ఉంటుంది. అది వాయువును కొంత పక్కకు వదిలేస్తుంది. మా కుర్రవాడు బిగిస్తున్నది ఆ తలుపును తెరిచే కడ్డీనే. ప్రెషర్ కుక్కరు విజిలు మీద సన్నికల్లు పెట్టడం లాంటి పని అది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. గాలి ఎక్కువైతే డీజిల్ బాగా కాలుతుంది, పొగ తగ్గుతుంది. ఆ మాట అబద్ధం కాదు. కాని డీజిల్ ఇంజనులో శక్తిని నిర్ణయించేది ప్రధానంగా ఇంధనం. గాలి ఒక్కదాన్ని పెంచితే కారు పరుగెత్తదు. అందుకని బూస్ట్ పెంచినవాడు అక్కడితో ఆగడు. పాత పంపు ఉన్న బండి అయితే ఇంధనపు స్క్రూ తిప్పుతాడు. కామన్ రైలు ఇంజను అయితే ట్యూనింగ్ బాక్సు అనే చిన్న పెట్టె కొని తగిలిస్తాడు. ఆ పెట్టె చేసే పని ఏమిటో తెలుసా? రైలులోని ఒత్తిడిని ఉన్నదాని కంటే తక్కువగా ఇంజను కంప్యూటరుకు చూపిస్తుంది. పాపం, ఆ కంప్యూటరు నిజమనుకొని ఒత్తిడి పెంచుతుంది, డీజిల్ ఎక్కువ పోతుంది. అంటే రోగి నాడిని వైద్యుడికి తప్పుగా చెప్పి, మందు ఎక్కువ వేయించుకొనే పద్ధతి!

ఈ పని చేసేవారి దగ్గర ఒక బలమైన వాదం ఉన్నది. "కంపెనీవాళ్ళు కావాలనే శక్తి తగ్గించి అమ్ముతారు. లోపల మిగులు ఉంటుంది. దాన్ని మనం వాడుకొంటే తప్పేమిటి?" అంటారు. ఒక ఉదాహరణ కూడా చూపిస్తారు. మన దేశంలో ఎన్నో కార్లలో వచ్చిన 1248 సీసీ డీజిల్ ఇంజను 75 గుర్రాల శక్తితోను, 90 గుర్రాల శక్తితోను అమ్ముడయ్యింది. "అదే ఇంజను కదా, మనది కూడా 90 చేద్దాం" అని వారి తర్కం. కాని 90 గుర్రాల రూపానికి అమర్చిన టర్బోయే వేరు. రెక్కల కోణం మారే రకం అది. అన్నదమ్ములలో ఒకడు బస్తా మోశాడని, రెండవవాడి నెత్తిన కూడా అదే బస్తా పెడదామంటే ఎలా?

మిగులు ఉంటుందన్న మాట మాత్రం నిజమే. వైద్యుడిగా ఆ మాట నాకు బాగా తెలుసు. మన శరీరంలోను మిగులు ఉన్నది. రెండు మూత్రపిండాలలో ఒకటి దానం చేసినా మనిషి బ్రతుకుతాడు. ఊపిరితిత్తులలో పెద్ద భాగం పోయినా, కుర్చీలో కూర్చొన్నంత సేపు ఆయాసం తెలియదు. కాని ఆ మిగులు ఎందుకున్నది? జ్వరం వచ్చిన రోజు కోసం, శస్త్రచికిత్స జరిగిన రోజు కోసం, అన్నిటికంటే ముఖ్యంగా ముసలితనం కోసం. నా వయసు డెబ్బై దాటింది. నాకు పాతికేళ్ళప్పుడు ఉన్న మిగులు ఇప్పుడు లేదు. మెట్లెక్కేటప్పుడు ఆ సంగతి తెలుస్తూనే ఉంటుంది.

రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజనుకూ అంతే. కొత్తగా వచ్చినప్పుడున్న మిగులును ఎండాకాలపు ట్రాఫిక్కు, ఆలస్యంగా మార్చిన ఆయిలు, కల్తీ డీజిలు, గుంతల రోడ్లు కలిసి ఎప్పుడో తినేశాయి. గొట్టాల రబ్బరు బిరుసెక్కింది. ఆయిలు దారులలో మడ్డి పేరుకొన్నది. పిస్టను అల్యూమినియం మిశ్రమంతో చేసినది. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిపోతుంది. బాగా బరువు మీద పనిచేసే డీజిల్ ఇంజనులో బయటకు పోయే వాయువే అంతకు మించిన వేడితో ఉండగలదు. అయినా పిస్టను కరగకుండా ఉన్నదంటే, కింది నుంచి చిమ్మే ఆయిలు, చుట్టూ తిరిగే నీరు ఆ వేడిని క్షణక్షణం లాగివేయడం వల్లనే. ఆ ఆయిలు దారి సగం మూసుకుపోయిన ముసలి ఇంజనులో మంట పెంచడమంటే ఏమనాలి?

ఆ కుర్రవాడి తండ్రి విశ్రాంత ఉపాధ్యాయుడు. గుండెకు రెండు స్టెంట్లు వేశారు. "మాస్టారికి ఏదో టానిక్కు పట్టించి వంద మీటర్ల పరుగు పందెంలో దింపుతావా?" అని అడిగాను. నవ్వాడు. "ఆయన మనిషి కదండీ" అన్నాడు. మనిషికీ యంత్రానికీ తేడా ఉన్నది, నిజమే. మనిషి అయితే నొప్పి అని అరుస్తాడు.

ఇంకొక సంగతి. బండికి పికప్ తగ్గడం రోగం కాదు, లక్షణం. జ్వరం వంటిది. గాలి ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు, డీజిల్ ఫిల్టరు నిండిపోయి ఉండవచ్చు, టర్బో నుంచి గాలి తెచ్చే గొట్టం పగిలి ఉండవచ్చు, ఇంజెక్టరు కారుతూ ఉండవచ్చు, పొగను తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ వాల్వులో మసి గట్టిపడి ఉండవచ్చు. ఇవేవీ చూడకుండా బూస్ట్ పెంచడం, మన పల్లెలలో కొందరు చేసే స్టెరాయిడ్ సూది వైద్యం వంటిది. కీళ్ళనొప్పులతో వచ్చిన ముసలమ్మకు స్టెరాయిడ్ పొడుస్తారు. రెండు రోజులలో ఆమె లేచి పొలానికి పోతుంది. "ఆయన హస్తవాసి మంచిది" అని ఊరంతా చెప్పుకొంటారు. ఆరు నెలల తరువాత ముఖం ఉబ్బి, చక్కెర పెరిగి, ఎముక గుల్లబారి, నల్లటి విరేచనంతో ఆ ముసలమ్మ ప్రభుత్వ ఆసుపత్రికి వస్తుంది. సూది వేసిన మహానుభావుడు రాడు. మూడున్నర దశాబ్దాలు ఆ రోగులను చూసినవాణ్ణి. ఫోనులో టర్బో పాఠాలు చెప్పే గురువులను చూస్తే నాకు ఆ సూది వైద్యులే గుర్తుకు వస్తున్నారు. పిస్టను పగిలిన రోజున వారూ రారు.

బండి మీది, డబ్బు మీది, పాడు చేసుకొంటే మీ ఇష్టం అని నేను ఊరుకోగలను. పొగ విషయంలో ఊరుకోలేను. ఎందుకంటే ఆ పొగ పీల్చేది మీరు కాదు. మీరు అద్దాలు ఎక్కించుకొని, ఏసీ వేసుకొని ముందుకు పోతారు. వెనుక ఉన్నది మేము.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న వర్గం అది. అనుమానం అని కాదు, నిర్ధారణ అని. ఆ మసిలోని కణాలు ఎంత చిన్నవంటే, మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లయితే, వీటిలో చాలా భాగం ఒక మైక్రాను కూడా ఉండవు. ముక్కులోని వెంట్రుకలు వాటిని ఆపలేవు. గొంతులోని కఫం పట్టుకోలేదు. అవి తిన్నగా ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా పోతాయి. అందులో అతి సూక్ష్మమైనవి రక్తంలోకి కూడా దాటగలవు. అందువల్లనే గాలి కాలుష్యం దగ్గుతో ఆగకుండా గుండెపోటుకు, పక్షవాతానికి దారి తీస్తున్నది. గాలిలో 2.5 మైక్రాన్లకు లోపు కణాలు సంవత్సరపు సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశపు ప్రమాణం 40. ఎనిమిది రెట్లు ఉదారమైన ఆ గీతను కూడా దాటే పట్టణాలు మనకు ఉన్నాయి.

మసి కనబడుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు కనబడవు. మంట వేడి పెరిగిన కొద్దీ అవి ఎక్కువగా పుడతాయి. ఆ వేడిని తగ్గించడానికే ఈజీఆర్ ఏర్పాటు. దానికి రేకు ముక్క అడ్డం పెట్టి మూసివేయమని కూడా ఈ గురువులు చెబుతున్నారు! ఉబ్బసం ఉన్నవారి శ్వాసనాళాలకు నైట్రోజన్ డయాక్సైడ్ తగిలితే ఏమవుతుందో, అర్ధరాత్రి ఆయాసంతో కూర్చొని తెల్లవార్లూ కిటికీ ఊచలు పట్టుకొని గడిపినవారిని అడగండి.

"లారీలు ఇంతకంటే పొగ వదులుతున్నాయి, వాటిని వదిలి మా చిన్న కారు మీద పడతారేం?" అని కొందరు నన్ను అడిగారు. లారీలను నేను వదలలేదు. వాటి సంగతి వేరేగా వ్రాస్తాను. కాని లారీ హైవే మీద పోతుంది. మీ కారు ఉదయం ఎనిమిదింటికి మన వీధిలో, స్కూలు బస్సు కోసం పిల్లలు నిలబడ్డ చోట, సైలెన్సరు వారి ముఖాల ఎత్తుకు దగ్గరగా పొగ వదులుతుంది. ఎవరి పొగ ఎవరికి దగ్గరో చూసుకోండి.

పొల్యూషన్ సర్టిఫికెట్టు ఉన్నదని చూపించేవారికి ఒక మాట. డీజిల్ బండ్లకు చేసే పొగ పరీక్షలో బండిని నిలబెట్టి, న్యూట్రల్‌లో యాక్సిలరేటరు తొక్కి పొగ ఎంత చిక్కగా ఉన్నదో కొలుస్తారు. బీఎస్-4 బండ్లకు 50, అంతకు ముందు బండ్లకు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు హద్దు. బరువు లాగుతూ, ఫ్లైఓవరు ఎక్కుతూ ఉన్నప్పుడు మీ బండి ఏం వదులుతుందో ఆ పరీక్షకు తెలియదు. విశ్రాంతిగా పడుకొన్నప్పుడు తీసిన ఈసీజీ బాగున్నదని కొండ ఎక్కేవాడి వంటిదే మీ ధీమా.

ఇప్పుడు ఇంట్లో స్పానరు పట్టినవాడి ప్రాణం గురించి. ఇది శ్రద్ధగా చదవండి, ఇందులో వాదం లేదు.

కామన్ రైలు ఇంజనులో డీజిల్ వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో ఉండగలదు. కారు టైరులోని ఒత్తిడి రెండు బార్ల పైచిలుకు మాత్రమే అని గుర్తుంచుకోండి. ఇంజను నడుస్తుండగా ఆ గొట్టపు బిగింపు వదులైతే, కంటికి కనబడనంత సన్నని ధార చర్మాన్ని సూదిలా చీల్చుకొని లోపలికి పోతుంది. నేను ఆసుపత్రిలో చూసిన ఒక యువకుడికి చూపుడు వేలి కొసన ఆవగింజంత గాయం. నొప్పి కూడా అంతగా లేదు. ఎవరో పసుపు అద్ది పంపారు. మరునాడు వచ్చేసరికి వేలు వంకాయలా నల్లబడి ఉబ్బింది. లోపలికి పోయిన డీజిల్ నరాల వెంట, స్నాయువుల వెంట అరచేతి దాకా పాకింది. సర్జను గారు అరచేయి కాపాడగలిగారు, వేలు దక్కలేదు.

అటువంటి గాయం ఎంత చిన్నదైనా అత్యవసరమే. పిండవద్దు, ఐసు పెట్టవద్దు, నొప్పి వస్తుందా లేదా అని ఎదురు చూడవద్దు. వెంటనే శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి పోయి, "ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయింది" అని స్పష్టంగా చెప్పండి. మొదటి కొద్ది గంటలలో లోపల శుభ్రం చేస్తేనే వేలు దక్కే అవకాశం ఎక్కువ. కారుతున్నదేమోనని అనుమానం వస్తే చేత్తో తడిమి చూడకండి. ఇంజను ఆపి, అట్టముక్కతో చూడండి.

రెండవది, ఇంజను అదుపు తప్పడం. అరిగిన టర్బో సీళ్ళ మీద ఒత్తిడి పెరిగితే ఇంజను ఆయిలు గాలి దారిలోకి కారుతుంది. డీజిల్ ఇంజనుకు ఆయిలు కూడా ఇంధనమే. అప్పుడు తాళం తీసినా ఆగదు. తెల్లటి పొగతో, చెవులు చిల్లులు పడే అరుపుతో పగిలేదాకా తిరుగుతూనే ఉంటుంది. గేర్లున్న బండిలో డ్రైవరు సీటులోనే ఉంటే, బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి క్లచ్ వదిలి ఆపవచ్చు. బానెట్ ఎత్తి దాని మీదికి వంగి ఉన్నవాడు మాత్రం దూరంగా పరుగెత్తాలి. గాలి పీల్చే గొట్టాన్ని చేత్తో మూయబోతే చెయ్యి పోతుంది.

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషనులో తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణ తరువాత, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు, ప్రమాదం జరిగిన రోజున క్లెయిము తిరస్కరించడానికి వారికి సాకు అవుతుంది. చట్టం యజమాని అంటున్నది, స్పానరు పట్టినవాడు అనడం లేదు. మా వీధి కారు ఆర్‌సీలో ఉన్న పేరు మాస్టారిది. ఈ ముక్క చెప్పినప్పుడు మాత్రం ఆ కుర్రవాడు నవ్వలేదు.

రెండు వారాల తరువాత మాస్టారు కనిపించి చెప్పారు. బండిని ఆటోనగర్‌లోని ఒక పెద్ద మెకానిక్కుకు చూపించారట. ఇంటర్‌కూలరుకు పోయే గొట్టం అడుగున జానెడు చీలిక ఉన్నది, టర్బో తెచ్చిన గాలి సగం అక్కడే పోతున్నది. గొట్టం మార్చి, గాలి ఫిల్టరు మార్చి, కుర్రవాడు బిగించిన కడ్డీని మళ్ళీ పాత కొలతకు తెచ్చారు. "ఇప్పుడు ఎలా ఉన్నది బండి?" అని అడిగాను. "నా అంత నడుస్తున్నదండీ" అన్నారు మాస్టారు.